ఇరాన్ సినిమాలు: నన్ను తరచుగా అడిగే ప్రశ్నలు, నా జవాబులు

పదేళ్లుగా నాకు ఇరాన్ సినిమాల పిచ్చి. ఆ సంగతి తెలిసినప్పటి నుంచి బంధువులు, ఆఫీసువాళ్లు, వాళ్ల స్నేహితులు కూడా ఫోన్ చేసి "ఏదన్నా మంచి సినిమా చెప్పు" అంటారు. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు. ప్రతిసారీ వాట్సాప్‌లో టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట రాసిపెడుతున్నాను. అభిప్రాయాలన్నీ నావే, వాటితో మీరు గొడవ పడొచ్చు. తారీఖులతో, అవార్డులతో మాత్రం గొడవ లేదు.

మొట్టమొదట ఏ సినిమా చూడాలి?

'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'. మజీద్ మజీదీ తీశాడు, 1997. ఈ ప్రశ్నకి నేను ఇంకో జవాబు చెప్పి చాలాసార్లు దెబ్బతిన్నాను కాబట్టి ఇప్పుడు ఆలోచించకుండా ఇదే చెబుతాను.

అలీ అనే పిల్లాడు చెల్లెలి బూట్లు కుట్టించుకుని వస్తూ దారిలో పోగొడతాడు. ఇంటద్దె బాకీ, అమ్మకి ఒంట్లో బాగోదు, నాన్నకి చెబితే ఏమవుతుందో తెలుసు. అందుకని అన్నాచెల్లెళ్లు అలీ బూట్లనే వంతులవారీగా వాడుకుంటారు. ఆ పిల్లకి పొద్దున బడి, వీడికి మధ్యాహ్నం. బడి వదలగానే ఆ పిల్ల సందుల్లోంచి పరిగెత్తుకుంటూ రావాలి, వీడు గోడ పక్కన కాచుకుని ఉండాలి, బూట్లు మార్చుకుని వీడు మళ్లీ పరిగెత్తాలి. అంతే కథ. విలన్ లేడు. గంటన్నర సినిమాలో పది నిమిషాలకే మీకు గుండె దడ మొదలవుతుంది. ఎందుకంటే బూటు జారి మురుగుకాలవలో పడితే ఏమవుతుందో మీకు పూర్తిగా తెలుసు.

మొదట్లో పేర్లు పడుతున్నంతసేపూ తెరమీద బూట్లు కుట్టేవాడి చేతులు తప్ప ఇంకేమీ ఉండదు. పాత గులాబీరంగు బూటు, సూది, దారం. ఇదేంటని విసుక్కోకండి. ఆ బూటు విలువ మీకు అక్కడే చెప్పేస్తున్నాడు.

ఆస్కార్ నామినేషన్ దక్కిన మొదటి ఇరాన్ సినిమా ఇది. ఆ ఏడాది అవార్డు ఇటలీ సినిమా 'లైఫ్ ఈజ్ బ్యూటిఫుల్' పట్టుకుపోయింది.

సబ్‌టైటిల్స్ చదువుతూ సినిమా చూడటం నా వల్ల కాదు. ఎలా?

ఇది అందరికన్నా ముందు మా అమ్మకి వచ్చిన సమస్య. అమ్మకి తెలుగు తప్ప చదవడం రాదు, సబ్‌టైటిల్స్ ఏమో ఇంగ్లీషులో. ఒక ఆదివారం మధ్యాహ్నం పక్కన కూర్చుని 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' పెట్టాను. ప్రతి లైనూ తెలుగులో చెబుతున్నాను, అవసరమైనచోట ఆపుతున్నాను. ఇరవై నిమిషాలయ్యాక అమ్మ నా చేతిమీద తట్టి "ఇంక నువ్వాపు, నీ గోలలో ఆ పిల్ల ఏడుపు వినపడట్లేదు" అంది. ఆ తర్వాత అమ్మ అడిగినప్పుడే చెప్పాను. అడిగింది నాలుగైదుసార్లు.

అందులో ఒకటి చక్కెర సీను. అలీ వాళ్ల నాన్న మసీదువాళ్లు ఇచ్చిన చక్కెర దిమ్మల్ని ఇంట్లో కూర్చుని చిన్న ముక్కలుగా కొడుతుంటాడు. టీ తెమ్మంటే కూతురు తెస్తుంది, అందులో చక్కెర ఉండదు. ఎదురుగా ఇంత చక్కెర కుప్ప ఉంది కదా నాన్నా అంటుంది ఆ పిల్ల. ఇది మసీదుది, మనది కాదు అంటాడు తండ్రి. నేను అర్థం చెప్పగానే అమ్మ, "మా నాన్నా ఇంతే. గుడి లెక్కలు రాసేవాడుగా, గుడి నూనె చుక్క ఇంటి దీపంలో పడనిచ్చేవాడు కాదు" అంది. ఆ తాతయ్యని నేను చూడలేదు. ఆయన గురించి అమ్మ చెప్పగా విన్నది కూడా ఆ రోజే మొదలు.

మీకు నా సలహా ఏమిటంటే, మొదటి రెండు సినిమాలూ మాటలు తక్కువుండేవి ఎంచుకోండి. ఫోన్‌లో కాకుండా టీవీలో చూడండి. మొదటి పావుగంట కళ్లు కిందికీ పైకీ తిరుగుతాయి, తర్వాత అలవాటవుతుంది. ఒక్కోసారి వేరే ప్రింటుకి చేసిన సబ్‌టైటిల్స్ తగిలి, మాట అన్నాక మూడు సెకన్లకి అర్థం వస్తుంది. అలాంటప్పుడు పట్టుదలకి పోకుండా ఆపేయండి, సినిమా తప్పు కాదు.

డబ్బింగ్‌లో చూడొచ్చా?

పిల్లలకైతే చూపించండి. పెద్దవాళ్లకి వద్దంటాను. ఈ సినిమాల్లో చాలావాటిలో నటించినవాళ్లు నటులు కారు, ఆ ఊళ్లో జనమే. వాళ్ల గొంతు తీసేస్తే సగం మనిషి పోతాడు.

ఇరాన్ సినిమాలంటే నిదానంగా నడుస్తాయట కదా?

కొన్ని నడుస్తాయి. ఒప్పుకుంటాను. కానీ నిదానం వేరు, ఏమీ జరగకపోవడం వేరు.

అబ్బాస్ కియరొస్తామీ 1987లో తీసిన 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్' చూడండి. అహ్మద్ అనే పిల్లాడి సంచీలోకి పక్కబెంచీవాడి నోట్‌బుక్ పొరపాటున వచ్చేస్తుంది. అట్టలు రెండూ ఒకేలా ఉంటాయి. రేపు ఆ పుస్తకంలో హోంవర్క్ రాయకపోతే వాణ్ని బడిలోంచి తీసేస్తానని మాస్టారు చెప్పి ఉన్నాడు. వాడి ఊరు కొండ అవతల. ఇల్లెక్కడో తెలీదు. అమ్మ వెళ్లనివ్వదు: ముందు హోంవర్క్ రాయి, చంటిదాన్ని చూడు, రొట్టె తీసుకురా. ఆ పిల్లాడు అదే మాట ఎన్నిసార్లు చెబుతాడో లెక్కలేదు, ఒక్కరూ చెవిన వేసుకోరు. కోపం నాకే వచ్చేసింది, తెరలోకి దూరి ఆ తల్లికి నేనే చెబుదామనిపించింది.

తాత ఒకాయన ఉంటాడు అందులో. జేబులో సిగరెట్లు పెట్టుకునే, పిల్లాణ్ని సిగరెట్లు తెమ్మని పంపుతాడు. ఎందుకయ్యా అని పక్కవాడు అడిగితే, వాడికి చెప్పినమాట వినడం అలవాటు కావాలి అంటాడు. ఆ తాతే తన చిన్నతనం గురించి, మా నాన్న నాకు వారం వారం పైసా ఇచ్చేవాడు, పదిహేను రోజులకోసారి కొట్టేవాడు, పైసా ఇవ్వడం మర్చిపోయినా కొట్టడం మాత్రం ఎప్పుడూ మర్చిపోలేదు అంటాడు. మన అరుగులమీద ఇలాంటి తాతల్ని మీరు చూసే ఉంటారు.

ఆ కొండమీద మెలికలు తిరిగిన దారి, పైన ఒంటరి చెట్టు, దానిమీద పరిగెత్తే చిన్న చుక్కలాంటి పిల్లాడు. ఈ దృశ్యం రెండుమూడుసార్లు వస్తుంది. మొదటిసారి అందంగా అనిపిస్తుంది, రెండోసారి కాళ్లు నొప్పెడతాయి.

1990 జూన్‌లో ఆ ప్రాంతంలో పెద్ద భూకంపం వచ్చింది. ఆ పిల్లలు బతికున్నారో లేదో చూద్దామని కియరొస్తామీ కారేసుకుని అక్కడికి వెళ్లాడు. ఆ ప్రయాణాన్నే తర్వాత 1992లో 'అండ్ లైఫ్ గోస్ ఆన్' అని తీశాడు. మొదటిది చూశాక రెండోది చూడండి, వరస మార్చొద్దు.

మీరు చెప్పిన సినిమా చూసి ఎవరైనా తిట్టారా?

మా బావ. ట్రాన్స్‌పోర్టు ఆఫీసులో పనిచేస్తాడు. "మంచి సినిమా చెప్పవయ్యా" అంటే, నా తెలివితేటలు చూపించుకుందామని 'టేస్ట్ ఆఫ్ చెర్రీ' చెప్పాను. అందులో ఒక నడివయసు మనిషి టెహ్రాన్ శివార్లలో మట్టిరోడ్లమీద కారు నడుపుతూ, తను చనిపోయాక గుంటలో మట్టి కప్పే మనిషి కోసం వెతుకుతుంటాడు. దాదాపు సినిమా అంతా ఆ కారే.

రాత్రి పదకొండింటికి ఫోన్. "ఏమయ్యా బావమరిదీ, మీవాడు గంట నుంచి అదే మట్టిలో తిప్పుతున్నాడు. డీజిల్ ఎవడు పోస్తాడు?" ఆ తర్వాత ఏడాదిపాటు నేను ఏ సినిమా పేరెత్తినా, "అందులో కారుందా?" అనేవాడు.

తప్పు బావది కాదు, సినిమాది కూడా కాదు. పొద్దంతా లారీల లెక్కలతో తల వాచిపోయిన మనిషికి, రాత్రి భోజనం చేశాక చూడమని ఆ సినిమా చెప్పిన నాది. సినిమా ఎంత గొప్పదో ఆలోచించాను గానీ, చూసేది ఎవరు, ఏ పూట అనేది ఆలోచించలేదు.

ఇంకో మాట. ఆ సినిమా మనసు బాగోలేని రోజుల్లో చూడొద్దు, బాగోలేనివాళ్లకి చెప్పొద్దు. బాగున్న రోజున, ఎవరన్నా పక్కనుండగా చూడండి. అందులో ఒక పెద్దాయన మల్బరీ పళ్ల గురించి చెప్పే మాటలున్నాయి. వాటికోసమే నేను మూడుసార్లు చూశాను.

పెద్ద అవార్డు వచ్చిన సినిమా నాకు నచ్చలేదు. నాకే అర్థంకాలేదా?

పైన చెప్పిన 'టేస్ట్ ఆఫ్ చెర్రీ'కి 1997లో ఫ్రాన్స్‌లో జరిగే కాన్స్ సినిమా ఉత్సవంలో పామ్ దోర్, అంటే అక్కడి అన్నిటికన్నా పెద్ద అవార్డు, వచ్చింది, ఒక జపాన్ సినిమాతో పంచుకుంది. అదే సినిమాకి అమెరికాలో అంత పేరున్న విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఒకే ఒక్క స్టార్ ఇచ్చాడు. జీవితమంతా సినిమాలే చూసిన మనిషి ఆయన. మా బావ, ఈబర్ట్ ఒకే పార్టీ అన్నమాట. నేను అటువైపు పార్టీ.

నచ్చలేదని చెప్పండి, కాకపోతే ఎక్కడ నచ్చడం మానేసిందో కూడా చెప్పండి. "బోర్" అంటే నాకేమీ తెలీదు. "ఆ మనిషికి ఏం కష్టమొచ్చిందో చివరిదాకా చెప్పలేదు, అందుకని నాకు జాలి కలగలేదు" అంటే అది అభిప్రాయం. దానిమీద గంటసేపు మాట్లాడుకోవచ్చు.

అన్నీ పిల్లల సినిమాలేనా?

అలా అనిపిస్తుంది. దానికి కొంత చరిత్ర ఉంది. 1965లో పిల్లల కోసం కానూన్ అనే సంస్థ పెట్టారు. ముందు పుస్తకాలు, లైబ్రరీలు, తర్వాత సినిమా విభాగం. కియరొస్తామీ తన మొదటి చిన్న సినిమా 1970లో అక్కడే తీశాడు. 1979 విప్లవం తర్వాత సెన్సారు బిగిశాక పెద్దవాళ్ల ప్రేమలు, కాపురాలు చూపించడం కష్టమైంది. పిల్లాడు వీధిలో పరిగెత్తితే ఎవరికీ అభ్యంతరం ఉండదు కదా. వాడి వెనకే కెమెరా వెళుతుంది, వీధిలో ఉన్నవన్నీ మనకి కనిపిస్తాయి.

వాటిలో నాకు మరీ ఇష్టమైంది 'ద వైట్ బెలూన్', 1995. జాఫర్ పనాహి మొదటి సినిమా, స్క్రిప్టు కియరొస్తామీది. నౌరోజ్ అంటే వాళ్ల కొత్త సంవత్సరం, మార్చి 20, 21 తేదీల్లో వస్తుంది, మన ఉగాదికి కాస్త అటూఇటూగా. పండగ బల్లమీద బంగారు చేప పెట్టడం వాళ్ల ఆనవాయితీ. ఏడేళ్ల పిల్ల చేప కొనడానికి ఐదువందల తొమాన్ల నోటు పట్టుకుని బయల్దేరి, దాన్ని కాస్తా జాలీలోంచి కింద పడేస్తుంది. పండగ గంటన్నరలో. సినిమా కూడా గంటన్నరే.

ఇంట్లో, పడకగదిలో కూడా ఆడవాళ్లు తలమీద గుడ్డ తియ్యరు. నిజంగా అలాగే ఉంటారా?

ఉండరు. అది తెరమీద నియమం. ఇంట్లో తండ్రి ముందో భర్త ముందో హిజాబ్ అక్కర్లేదు, కానీ సినిమా చూసే మగవాళ్లు పరాయివాళ్లు కదా, అందుకని నటి జుట్టు కనిపించకూడదు. భార్యాభర్తలుగా వేసినవాళ్లు నిజంగా భార్యాభర్తలు కారు కాబట్టి చెయ్యి పట్టుకోకూడదు. ఇది తెలిశాక సినిమా వేరేగా కనిపిస్తుంది. ఒక మనిషి గ్లాసు అందించే తీరులో, తలుపు దగ్గర ఆగే తీరులో ప్రేమంతా ఎలా చూపిస్తారో గమనించండి.

దీన్ని కాదని తీసినవాళ్లూ ఉన్నారు. 'మై ఫేవరెట్ కేక్' (2024) సినిమాలో డెబ్భై ఏళ్ల వితంతువు తన ఇంట్లో మామూలుగా, తలమీద గుడ్డ లేకుండా తిరుగుతుంది. దర్శకులిద్దరినీ బెర్లిన్ సినిమా ఉత్సవానికి వెళ్లనివ్వలేదు.

నాకు కథ బిగువుగా ఉండాలి. థ్రిల్లర్‌లాంటిది ఉందా?

అస్గర్ ఫర్హాదీ. ఆయన సినిమాల్లో హత్యలుండవు, పోలీసు ఛేజింగులుండవు, అయినా కుర్చీ అంచున కూర్చుంటాం. 'ఎ సెపరేషన్' (2011)తో మొదలుపెట్టండి. బెర్లిన్ ఉత్సవంలో పెద్ద అవార్డు గోల్డెన్ బేర్, మరుసటి ఏడాది ఆస్కార్. ఇరాన్‌కి అదే మొదటి ఆస్కార్.

మొదటి సీనులో భార్యాభర్తలు విడాకుల కోసం జడ్జి ముందు కూర్చుని వాదించుకుంటారు. జడ్జి కనపడడు. ఇద్దరూ సూటిగా మనవైపే చూసి చెబుతుంటారు. జడ్జి కుర్చీలో కూర్చుంది మనమే. రెండు గంటలు కూర్చున్నా తీర్పు మాత్రం చెప్పలేం.

భార్య దేశం వదిలి పోదామంటుంది, భర్త మతిమరుపు జబ్బుతో ఉన్న తండ్రిని వదిలి రానంటాడు. ఆయన్ని చూసుకోవడానికి పెట్టుకున్న పనిమనిషి, ముసలాయన బట్టలు పాడుచేసుకుంటే ఏం చెయ్యాలో తెలీక, పరాయి మగాణ్ని తాను శుభ్రం చెయ్యొచ్చా, పాపమా అని ఫోన్ చేసి మతపెద్దల్ని అడుగుతుంది. పక్కనున్న ఆమె చిన్నకూతురు, "నాన్నకి చెప్పన్లే అమ్మా" అంటుంది. ఆ ఒక్క సీను మీదే మా ఇంట్లో రాత్రి ఒంటిగంటదాకా వాదన నడిచింది. అక్క భార్య పక్షం, బావ భర్త పక్షం. అవును, ఆ బావే. ఇందులోనూ కార్లున్నాయి గానీ ఆ సంగతే మర్చిపోయాడు.

తర్వాత 'అబౌట్ ఎల్లీ' (2009). కొందరు స్నేహితులు కాస్పియన్ సముద్రం ఒడ్డుకి పిక్నిక్ వెళతారు. అంతకుమించి ఏం చెప్పినా మీకు అన్యాయం చేసినట్టే.

సినిమా తీసినందుకు జైల్లో పెట్టారంటారు, నిజమేనా?

జాఫర్ పనాహి గురించి అడుగుతున్నారు. 2010లో ఆయనకి ఆరేళ్ల జైలు, ఇరవయ్యేళ్లపాటు సినిమాలు తియ్యకూడదని శిక్ష వేశారు. ఆయన ఇంట్లోనే కూర్చుని, కొంత ఫోన్ కెమెరాతో తీసి, దానికి 'దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్' అని పేరు పెట్టాడు. సినిమా తియ్యొద్దన్నారు కదా, ఇది సినిమా కాదు మరి! దాన్ని పెన్‌డ్రైవ్‌లో ఎక్కించి కేకులో దాచి కాన్స్‌కి పంపారని చెబుతారు. తర్వాత తానే టాక్సీ డ్రైవరుగా స్టీరింగ్ పట్టుకుని, బండిలో కెమెరా పెట్టి 'టాక్సీ' తీస్తే 2015లో గోల్డెన్ బేర్ వచ్చింది. 2025లో 'ఇట్ వాజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్'కి పామ్ దోర్.

ఈ కథంతా విని, ఆయన సినిమాలు భారంగా ఉంటాయనుకోకండి. 'ఆఫ్‌సైడ్' (2006) చూస్తే పొట్ట పట్టుకుని నవ్వుతారు. ఆడవాళ్లని స్టేడియంలోకి రానివ్వని రోజుల్లో, ఇరాన్, బహ్రెయిన్ ఫుట్‌బాల్ ప్రపంచకప్ అర్హత మ్యాచ్ చూడటానికి మగవేషాలేసుకుని వచ్చి దొరికిపోయిన అమ్మాయిల కథ. వాళ్లని గోడ ఇవతల కటకటాల మధ్య నిలబెడతారు. మ్యాచ్ గోడ అవతల. జనం అరుపులు వినపడుతుంటాయి, ఆట కనపడదు. ఒక సిపాయి వీళ్ల పోరు పడలేక సందులోంచి చూస్తూ కామెంటరీ చెబుతాడు. మరి జపాన్ ఆడవాళ్లని ఎందుకు రానిచ్చారని ఒక అమ్మాయి నిలదీస్తే, మగవాళ్లు తిట్టే తిట్లు జపాన్‌వాళ్లకి అర్థంకావు కదా అంటాడు ఇంకో సిపాయి. కాపలా కాసే ఆ కుర్రాళ్లమీద కూడా జాలేస్తుంది.

2019 అక్టోబరులో కంబోడియాతో మ్యాచ్‌కి అదే ఆజాదీ స్టేడియంలోకి ఆడవాళ్లని టికెట్లు కొనుక్కుని రానిచ్చారు. ఇరాన్ 14-0తో గెలిచింది. ఆ వార్త చదవగానే నాకు గుర్తొచ్చింది ఆ కటకటాలే.

మాటల్లో అక్కడక్కడా తెలిసిన పదాలు వినపడుతున్నాయి. భ్రమా?

భ్రమ కాదు. వాళ్లది ఫారసీ. కుతుబ్‌షాహీల కాలం నుంచి పంతొమ్మిదో శతాబ్దం చివరిదాకా హైదరాబాద్ రాజ్యంలో సర్కారు కాగితాలు ఎక్కువగా నడిచింది ఆ భాషలోనే. బజారు, దుకాణం, పరదా, రోజు, తాజా, గుమాస్తా, దర్జీ ఇవన్నీ ఆ దారిన వచ్చినవే.

నాకు ఒళ్లు జలదరించింది మాత్రం 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్' అసలు పేరు తెలిసినప్పుడు. 'ఖానేయె దూస్త్ కొజాస్త్'. ఖానే అంటే ఇల్లు, మన దవాఖానాలో ఉన్న ఖానా అదే. దూస్త్ అంటే తెలంగాణలో ఎవరినడిగినా చెప్పే దోస్తు. 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్' అసలు పేరులో బచ్చా, ఆస్మాన్ రెండూ ఉన్నాయి. హైదరాబాదీ స్నేహితుడికి సినిమా చెప్పాలంటే నేనిప్పుడు ముందు ఈ పేరే చెబుతాను, సగం పని అక్కడే అయిపోతుంది.

అందరూ మెచ్చి మీకు నచ్చనిది ఏమన్నా ఉందా?

'ద కలర్ ఆఫ్ ప్యారడైజ్' (1999). చూపులేని పిల్లాడు చెట్టు కింద పడ్డ పిట్టపిల్లని తడుముకుంటూ వెతికి, చెట్టెక్కి గూట్లో పెట్టే సీను నేను చూసిన గొప్ప సీన్లలో ఒకటి. కానీ పోనుపోను మజీదీ మన కన్నీళ్లమీద గట్టిగా నొక్కుతాడు. చక్కెర సీనులో ఉన్న నిగ్రహం ఇక్కడ లేదనిపించింది. ఈ మాట అన్నందుకు ఇద్దరు స్నేహితులు నాతో నెలరోజులు సరిగ్గా మాట్లాడలేదు.

'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్'ని హిందీలో 'బమ్ బమ్ బోలే' (2010) అని తీశారు. అది చూసినా ఫరవాలేదు, అసలుది చూశాక.

మీరు స్టార్లు ఎందుకివ్వరు?

మూడున్నర అంటే ఏమిటో నాకు తెలీదు. మీకు తెలిస్తే చెప్పండి.

ఇవి ఎక్కడ దొరుకుతాయి?

ఓటీటీల్లో ఒక నెల ఉండి ఇంకో నెల పోతుంటాయి, అందుకని చూసేముందు పేరు వెతుక్కోండి. ఇంగ్లీషు పేరుతోపాటు దర్శకుడి పేరు కూడా కొట్టండి, ఒకే పేరుతో వేరే సినిమాలుంటాయి. వీలైతే ఒక్కసారైనా చిత్రోత్సవానికి వెళ్లండి: నవంబరులో గోవా, డిసెంబరులో తిరువనంతపురం. తిరువనంతపురంలో పొద్దున తొమ్మిదింటి షోకి కూడా ఇరాన్ సినిమాకి క్యూ ఉంటుంది.

నాకు నచ్చిన సినిమాని ఇంట్లోవాళ్లకి ఎలా చెప్పాలి?

"మాస్టర్‌పీస్" అనొద్దు, ఆ మాట వినగానే జనం పారిపోతారు. దేశం పేరు, అవార్డు పేరు తర్వాత. ముందు "ఒక పిల్లాడు చెల్లెలి బూట్లు పోగొట్టాడు" అనండి. "తర్వాత?" అన్నారా, ఇక పెట్టేయొచ్చు. నిడివి ముందే చెప్పండి, గంటన్నరే అంటే సగంమంది ఒప్పుకుంటారు. సినిమా నడుస్తుంటే వాళ్ల మొహంలోకి చూస్తూ కూర్చోకండి. నేను చేసేవాణ్ని, అక్క చెప్పి మాన్పించింది. మధ్యలో లేచిపోతే పోనివ్వండి. "ఇప్పుడొస్తుంది చూడు అసలు సీను" అని మాత్రం అనొద్దు.

ఇవన్నీ కాదు, ఈ రాత్రికి ఒక్కటి చెప్పండి.

పక్కన ఎవరున్నారు? పిల్లలుంటే 'ద వైట్ బెలూన్'. పెద్దవాళ్లుంటే 'చిల్డ్రన్ ఆఫ్ హెవెన్', మీకు సబ్‌టైటిల్స్ చదివి చెప్పే ఓపికుంటే. క్రికెట్ పిచ్చి ఉన్న కుర్రాళ్లయితే 'ఆఫ్‌సైడ్'. భార్యాభర్తలిద్దరే అయితే 'ఎ సెపరేషన్', కానీ రేపు సెలవైతేనే. ఒక్కరే ఉండి, నిద్ర పట్టట్లేదంటే ఆ కొండదారి సినిమా, 'వేర్ ఈజ్ ద ఫ్రెండ్స్ హౌస్'. మా బావలాంటివారైతే నాకు ఫోన్ చెయ్యండి, కారు లేనిది చూసి చెబుతాను.